స్వీట్‌కార్న్, గ్రీన్ కార్న్: రెండిటికీ ఒకే తెలుగు మాట సరిపోతుందా?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. ఉత్తర అమెరికా ఆదివాసుల గురించి పిల్లల కోసం రాసిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను. 'గ్రీన్ కార్న్ సెరిమనీ' అన్నదాన్ని మొదట 'ఆకుపచ్చ మొక్కజొన్న పండుగ' అని రాశాను. తిరిగి చదువుకుంటే ఏదో తేడాగా అనిపించింది. తర్వాతి పేరాలో 1779 నాటి స్వీట్‌కార్న్ సంగతి వస్తుంది. దాన్ని 'తీపి మొక్కజొన్న' అన్నాను. ఇక వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ల మాటల్లో 'ఇంగ్లిష్ కార్న్', 'ఇండియన్ కార్న్' అని రెండున్నాయి. ఇంగ్లండులో మొక్కజొన్న ఎక్కడిది? రెండు రోజుల్లో ప్రతి పంపాలి, కాస్త టెన్షన్‌గా ఉంది. పెద్దలు సాయం చేయగలరు.

మాస్టారు:
అమ్మా, మూడోదానితో మొదలుపెడదాం. అది తేలితే మిగతావి సులువవుతాయి.

ఇంగ్లీషులో 'కార్న్' అంటే మొదట్లో మొక్కజొన్న కాదు. గింజ అని అర్థం. ఏ ప్రాంతంలో ఏ ధాన్యం ఎక్కువగా పండితే అక్కడ దానికే ఆ పేరు. ఇంగ్లండులో గోధుమ, స్కాట్లండులో ఓట్స్ ధాన్యం. 1815 నుంచి 1846 వరకు బ్రిటన్‌లో అమలైన 'కార్న్ లాస్' ప్రధానంగా గోధుమలాంటి ధాన్యాల దిగుమతులను అడ్డుకోవడానికి పెట్టిన చట్టాలు. వాటిని 'మొక్కజొన్న చట్టాలు' అని తెలుగు చేస్తే తప్పు. మిరియపు గింజని 'పెప్పర్‌కార్న్' అంటారు. 'కార్న్‌డ్ బీఫ్' అనే ఉప్పు పట్టించిన గొడ్డుమాంసం పేరులో కార్న్ అంటే గింజల్లాంటి ఉప్పుకళ్లు, అందులో మొక్కజొన్న అణువంతైనా ఉండదు. కాబట్టి మీ వ్యాసంలో 'ఇంగ్లిష్ కార్న్' అంటే గోధుమ, బార్లీ లాంటివి. 'ఇండియన్ కార్న్' అంటే మొక్కజొన్న, ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసి. అమెరికాలో రానురాను ఆ 'ఇండియన్' ఊడిపోయి, ఒట్టి కార్న్ అంటే మొక్కజొన్న అని స్థిరపడింది.

కొత్తగా వచ్చిన పంటకి పాత పంట పేరు పెట్టుకోవడం అందరూ చేసిన పనే. ఇటలీవాళ్లు 'గ్రానోతుర్కో' అన్నారు, టర్కీ ధాన్యం అని. టర్కీవాళ్లేమో 'మిసిర్' అన్నారు. వాళ్ల భాషలో ఈజిప్టు దేశం పేరు కూడా అదే. అంటే ప్రతివాళ్లూ ఇది పక్కవాళ్ల దగ్గర్నుంచి వచ్చిందనుకున్నారు. నిజంగా ఇది ఎక్కడిదో ఆ పేర్లలో ఒక్కటీ చెప్పదు. స్పానిష్‌లోని 'మాయిస్', దాన్నుంచి వచ్చిన ఇంగ్లీషు 'మెయిజ్' మాత్రం కరీబియన్ దీవుల టైనో ప్రజల మాట. పంటను వాళ్ల దగ్గర చూసినవాళ్లు మాటను కూడా వాళ్ల దగ్గరే తీసుకున్నారు. నాకు ఆ పేరంటే గౌరవం.

మరో సభ్యుడు:
మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం 'మొక్కజొన్న' అనం. మక్కజొన్న, మక్కలు, మక్క కంకి, మక్క పేలాలు అంటాం. బడిలో 'మొక్క' అని దిద్దారు. అప్పట్నుంచి ఒక సందేహం ఉండిపోయింది. జొన్న కూడా మొక్కే కదా, మరి దీన్ని ప్రత్యేకంగా 'మొక్క' జొన్న అనడమెందుకు?

మాస్టారు:
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. అసలు తాళంచెవి మీ నోట్లోనే ఉంది. హిందీలో మక్కా. తమిళంలో మక్కాచ్చోళం. కన్నడంలో మెక్కెజోళ. చుట్టుపక్కల భాషలన్నిటిలోనూ 'మక్క' దగ్గరి శబ్దమే వినిపిస్తుంటే, తెలుగులో మాత్రం అది చెట్టూ చేమలోని మొక్క ఎలా అవుతుంది? తెలియని 'మక్క' తెలిసిన 'మొక్క' రూపంలోకి ఒదిగిందనే నేను అనుకుంటున్నాను. పరాయి మాట నోటికి కొత్తగా ఉంటే జనం దాన్ని తెలిసిన మాటలోకి మలుచుకుంటారు. కాబట్టి మిమ్మల్ని దిద్దాల్సిన అవసరం ఏమాత్రం లేదు. మీ 'మక్క'లోనే పాత రూపం నిలిచి ఉంది.

కన్నడంలో ఇంకో పేరుంది, 'ముసుకిన జోళ'. ముసుగు వేసుకున్న జొన్న. జొన్న కంకి గింజలు బయటకి కనబడుతుంటాయి. దీని గింజలు పొరల లోపల దాక్కుంటాయి. చేలో నిలబడి చూసినవాళ్లు పెట్టిన పేరది.

అనువాదకురాలు:
చాలా ఉపయోగపడింది మాస్టారూ. మరి 'గ్రీన్ కార్న్'?

మాస్టారు:
అక్కడ 'గ్రీన్' రంగు కాదమ్మా, ఈడు. మనం 'పచ్చి' అంటామే, అది. పచ్చి కాయ అంటే పచ్చరంగు కాయ అనుకోం కదా, పండనిది అనుకుంటాం. గ్రీన్ కార్న్ అంటే ముదరని పొత్తు. గింజ పాలు పోసుకుని, గోరు గుచ్చితే తెల్లగా చిమ్మే దశలో ఉన్నది. అందుకే 'లేత పొత్తుల పండుగ' అనమంటాను. 'పచ్చి పొత్తుల పండుగ' అన్నా తప్పు లేదు కానీ, పండుగ అన్న మాట పక్కన 'పచ్చి' కొంచెం మొరటుగా వినిపిస్తుంది.

ఈ దశకి ప్రత్యేకంగా పేరుండటం చిన్న విషయం కాదు. మొక్కజొన్నను మచ్చిక చేసింది మెక్సికో దక్షిణ భాగంలో, బాల్సాస్ నది లోయ ప్రాంతంలో, దాదాపు 9,000 ఏళ్ల కింద. టియోసింటే అనే గడ్డి దాని పూర్వరూపం. దాని కంకి చిటికెనవేలంత కూడా ఉండదు. పది పన్నెండు గింజలు, ఒక్కొక్కటీ రాయిలాంటి పెంకులో. అక్కణ్నుంచి ఇప్పటి పొత్తు దాకా తెచ్చినవాళ్ల భాషలో ప్రతి దశకీ ఒక మాట ఉంది. మెక్సికోలోని నవాత్ల్ భాషలో గింజ ఇంకా గట్టిపడని మరీ పసి పొత్తు 'షీలోత్ల్'. పాలు పోసుకున్నది 'ఎలోత్ల్'. ఎండిన పొత్తు 'సెంత్లి'. ఒలిచిన గింజలు 'త్లావోల్లి'. గింజలు ఒలిచేశాక మిగిలిన బెండు 'ఒలోత్ల్'. లేత పొత్తుకి ఒక దేవత కూడా ఉంది, పేరు షిలోనెన్. మెక్సికోలో ఈనాటికీ లేత పొత్తుని 'ఎలోటే' అంటారు. ఆండీస్ పర్వతాల్లో కెచువా మాట్లాడేవాళ్లకి మొక్కజొన్న 'సారా', దాని లేత పొత్తు 'చోక్లో'. ఇంగ్లీషులో మాత్రం వీటిలో చాలావాటిని కార్న్ అన్న ఒక్క మాటతోనే సరిపెడతారు.

ఇక పండుగ సంగతి. అమెరికా ఆగ్నేయ భాగంలోని మస్కోగీ, చెరోకీ, సెమినోల్, యూచీ వంటి ప్రజలకి ఇది ఏడాదిలో అతి పెద్ద వేడుక. మస్కోగీలు దీన్ని 'పొస్కిత' అంటారు. ఆ మాటకి ఉపవాసం అని అర్థం. ఈ వేడుక జరిగేదాకా కొత్త పొత్తు ఎవరూ నోట పెట్టరు. ఇళ్లు శుభ్రం చేసుకుంటారు. పాత నిప్పు ఆర్పేసి, నాలుగు దిక్కులకూ నాలుగు దుంగలు పేర్చి కొత్త నిప్పు రాజేస్తారు. ఏడాదిలో జరిగిన తప్పుల్ని, హత్య తప్ప, అక్కడితో మాఫీ చేసేవారు. కొత్త సంవత్సరం అక్కణ్నుంచి లెక్క.

1830లలో అమెరికా ప్రభుత్వం ఈ ప్రజల్ని సొంత నేల మీద నుంచి పడమటికి తరిమింది. లొచపోకా అనే మస్కోగీ ఊరివాళ్లు అలబామా నుంచి నడిచొచ్చేటప్పుడు తమ ఊరి నిప్పు తాలూకు బూడిదను వెంట తెచ్చుకున్నారు. 1836లో ఒక ఓక్ చెట్టు కింద ఆ బూడిద వేసి మళ్లీ నిప్పు రాజేశారు. అక్కడే ఇప్పుడు ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరం ఉంది. ఆ చెట్టు ఇంకా నిలబడే ఉంది. ఊరూ పొలమూ పోయినా, ఏటా లేత పొత్తుకి ముందు వెలిగించే ఆ నిప్పుని పోనివ్వలేదు. దీన్ని 'ఆకుపచ్చ మొక్కజొన్న పండుగ' అంటే పిల్లలకి రంగు తప్ప ఏం అందుతుందమ్మా?

అనువాదకురాలు:
చదువుతుంటే కళ్లు చెమర్చాయి మాస్టారూ. తప్పకుండా మార్చేస్తాను. అయితే లేత పొత్తు తియ్యగానే ఉంటుంది కదా. స్వీట్‌కార్న్ కూడా అదేనా? అలాగైతే రెండిటికీ 'లేత మొక్కజొన్న' అనేయొచ్చా?

మరో సభ్యురాలు (వృక్షశాస్త్రం చెబుతారు):
అలా చేయకు చెల్లీ, అవి వేర్వేరు. గ్రీన్ కార్న్ ఒక దశ. స్వీట్‌కార్న్ ఒక రకం. ఏ మొక్కజొన్న అయినా లేతగా ఉన్నప్పుడు కాస్త తియ్యగానే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ చక్కెర పిండిగా మారుతుంది. స్వీట్‌కార్న్‌లో ఆ మార్పు సరిగా జరగదు. ఒక జన్యువు పని తప్పింది. దాన్ని శాస్త్రవేత్తలు 'షుగరీ-1' అంటారు, నాలుగో క్రోమోజోమ్ మీద ఉంటుంది. చక్కెర కొంత మిగిలిపోతుంది. పిండి బదులు ఫైటోగ్లైకోజెన్ అనే పదార్థం కూడుతుంది. నీళ్లలో కరుగుతుంది, నోట్లో వెన్నలా జారుతుంది, వేళ్లకి కొంచెం బంకగా అంటుతుంది.

దీన్ని కంటితో పోల్చుకోవడం చాలా తేలిక. విత్తనం కోసం ఎండబెట్టిన స్వీట్‌కార్న్ గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడు. మామూలు గింజ నున్నగా, నిండుగా ఉంటుంది. ఇది ముడతలు పడి, నలిగిన పల్చటి కాగితంలా ఉంటుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే కాస్త వెలుగు లోంచి దూరుతుంది కూడా. పిండి ఉంటే గింజ ఆకారాన్ని నిలబెట్టేది. ఇక్కడ నీరు ఎండిపోగానే గింజ కూలబడిపోతుంది.

ఇప్పుడు పేర్ల సంగతి చూడు, నాకు అదే భలే ఇష్టం. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ తన తోట లెక్కల పుస్తకంలో 1810లో దీన్ని 'ముడతల మొక్కజొన్న' అనే అర్థంలో రాసుకున్నాడు. ఆయన చూసింది విత్తనాన్ని. 1828 నాటికి విత్తనాల కేటలాగులో 'షుగర్ కార్న్' అయింది. అంటే రుచి ముందుకొచ్చింది. మిస్సోరీ నది ఒడ్డున ఉండే హిడాట్సా ప్రజలు మాత్రం దీన్ని 'బంక మొక్కజొన్న' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. వాళ్లు ముట్టుకుని, దంచి, ఉండలు చుట్టి పేరు పెట్టారు. ముడత, తీపి, బంక. మూడూ ఒకే జన్యువు గుణాలు. ఒక్కొక్కళ్ల చేతికి ఒక్కొక్కటి తగిలింది.

ఇంకోమాట. ఈ మార్పు ఎక్కడో ఒక్కచోట జరిగి అంతటా పాకింది కాదు. వేర్వేరు చోట్ల విడివిడిగా జరిగింది, అక్కడివాళ్లు గమనించి కాపాడుకున్నారు. మెక్సికోలోని హలిస్కో ప్రాంతంలో మాయిస్ దుల్సే అనే రకం ఉంది, ఎండిన గింజల్ని వేయించి పొడి కొట్టుకుంటారు. పెరూలో చుల్పి, వేయించుకుని తింటారు. హిడాట్సాలూ ఎండినదాన్నే వేయించి దంచి ఉండలు చేసుకునేవారు. అంటే ఈ విత్తనాన్ని కాపాడిన చాలామంది దీన్ని ఈనాటిలా లేతగా ఉడకబెట్టుకుని తినలేదు.

ఇంకో సభ్యుడు:
అందరూ స్వీట్‌కార్న్ అనే అంటున్నారు కదండీ. ఆ మాటే తెలుగు లిపిలో ఉంచేస్తే సరిపోదా? ఎందుకింత చర్చ?

మాస్టారు:
ఇవాళ్టి డబ్బాలో గింజలు, గడ్డకట్టించిన గింజలు అయితే స్వీట్‌కార్న్ అనే ఉంచాలి. నేనూ అదే అంటాను. జనం నోట్లో పడిన మాటని తుడిచేసి మనం కొత్తది అతికించనక్కర్లేదు. కానీ ఈ అమ్మాయి వ్యాసంలో ఉన్నది 1779 నాటి సంగతి. అక్కడ స్వీట్‌కార్న్ అని రాస్తే అదేదో కంపెనీ తయారుచేసిన వస్తువన్న భావన వస్తుంది. అది ఎవరి చేను నుంచి వచ్చిందో మరుగున పడిపోతుంది.

ఆ ఏడాది జరిగింది చెబుతాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. జార్జ్ వాషింగ్టన్ ఆజ్ఞ మీద జనరల్ జాన్ సల్లివాన్ సేన హౌడెనోషోనీ అనే ఆదివాసుల మీదకి వెళ్లింది. ఇరాక్వా అన్నది వాళ్లకి బయటివాళ్లు పెట్టిన పేరు. హౌడెనోషోనీ అంటే పొడవాటి ఇళ్లు కట్టుకున్న ప్రజలు అని వాళ్లు తమకి తాము చెప్పుకునే పేరు. అమ్మా, మీ అనువాదంలో అదే వాడండి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి ఒకే మట్టిదిబ్బ మీద నాటి, ముగ్గురు అక్కచెల్లెళ్లు అని పిలుచుకునే రైతులు వాళ్లు. మొక్కజొన్న నిలబడుతుంది, చిక్కుడు దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి తడి ఆరనివ్వదు.

సేన 40 పైగా ఊళ్లను తగలబెట్టింది. కనీసం 1,60,000 బుషెళ్ల (బుషెల్ ఒక ధాన్యపు కొలత) మొక్కజొన్నను నాశనం చేసింది. పంట చేతికొచ్చే వేళకి చూసుకుని వెళ్లారు, శీతాకాలం తిండి లేకుండా చేయడానికి. వాషింగ్టన్‌ని హౌడెనోషోనీలు 'ఊళ్లు కూల్చేవాడు' అనే పేరుతో పిలిచారు. ఆ దండయాత్రలోనే రిచర్డ్ బాగ్నల్ అనే సైనికాధికారి సస్క్వెహానా నది ఒడ్డున 'పపూన్' అనే తియ్యని మొక్కజొన్న చూసి, కొన్ని పొత్తులు మసాచుసెట్స్‌లోని ప్లిమత్ వైపు తెచ్చాడని అమెరికా వ్యవసాయ చరిత్రకారులు రాస్తారు. తెల్లవాళ్ల తోటల్లోకి స్వీట్‌కార్న్ వచ్చిన కథ సాధారణంగా ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. కొందరైతే 'కనుగొన్నారు' అనే క్రియ వాడతారు. ఆ క్రియ నాకు మింగుడు పడదు. చేను తగలబెడుతూ పొత్తు తీసుకుపోవడం కనుగొనడం ఎలా అవుతుంది? మీ ఇంగ్లీషు మూలంలో 'డిస్కవర్డ్' అని ఉంటే 'తీసుకెళ్లారు' అని రాయండి. లేదా 'చూశారు' అనండి.

వృక్షశాస్త్రం సభ్యురాలు:
మాస్టారు చెప్పిన దానికి ఒక చేర్పు. హిడాట్సాల్లో బఫెలో బర్డ్ వుమన్ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడ తన సేద్యం సంగతులన్నీ గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడికి చెప్పింది. అవి 1917లో అచ్చయ్యాయి. చేను మధ్య మంచె కట్టి, ఆడపిల్లలు దాని మీద కూర్చుని కాకుల్ని తోలుతూ పాటలు పాడేవారట. పిల్లలకి తల్లి పాట ఎలా ఇష్టమో ఎదిగే మొక్కజొన్నకి తమ పాట అలా ఇష్టమని వాళ్ల నమ్మకం. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది, మొక్కజొన్న ప్రయాణం చేస్తుందని. రెండు రకాలు దగ్గర దగ్గర నాటితే ఒకదాని రంగు గింజలు రెండోదాని పొత్తులో కనిపిస్తాయి. గాలిలో పుప్పొడి వెళ్లడాన్ని ఆవిడ ఆ ఒక్క క్రియతో చెప్పేసింది.

ఆ ప్రయాణం వల్లే స్వీట్‌కార్న్ రైతుకి ఇప్పటికీ తిప్పలు. పొత్తు కొసన వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకి దారి. ఆ పోగు మీద మామూలు మొక్కజొన్న పుప్పొడి పడితే ఆ ఒక్క గింజ పిండిగా తయారవుతుంది, పక్క గింజ తియ్యగానే ఉంటుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, 1950లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ ఇంకో ముడతల రకం గింజ కొరికి చూసి, ఇది మరీ తియ్యగా ఉందని గమనించాడు. అది వేరే జన్యువు. పాత రకం కన్నా రెండు మూడు రెట్లు చక్కెర, పైగా కోశాక త్వరగా తగ్గదు. పాత రకం వేడికి ఒక్క రోజులో సగం దాకా తీపి పోగొట్టుకునేది, అందుకే పొయ్యి మీద నీళ్లు మరిగాకే చేలోకి వెళ్లి పొత్తు విరవమనేవారు. సరే, ఈ రెండు తీపి రకాల్నీ పక్కపక్కన నాటి పుప్పొడి కలవనిస్తే రెండూ పిండి గింజలే ఇస్తాయి! ఒకదాని లోపాన్ని రెండోది పూడ్చేస్తుంది.

రంగు మాట కూడా చెప్పేస్తాను. స్వీట్‌కార్న్ అంటే పసుపు అని ఇప్పుడు అనుకుంటాం. 1902లో బర్పీ విత్తనాలవాళ్లు 'గోల్డెన్ బాంటమ్' అమ్మకానికి పెట్టేదాకా అమెరికాలో చాలామందికి తెల్లదే మనుషుల తిండి, పసుపుది పశువుల మేత.

అనువాదకురాలు:
మాస్టారూ, అక్కా, తమ్ముడూ, అందరికీ ధన్యవాదాలు. మార్చిన భాగం పెడుతున్నాను, చూడండి:

"వేసవి నడిమికి గింజ పాలు పోసుకుంటుంది. అప్పుడు మస్కోగీలు పాత నిప్పు ఆర్పి కొత్త నిప్పు రాజేస్తారు. ఇది లేత పొత్తుల పండుగ. ఉత్తరాన హౌడెనోషోనీల చేలల్లో తియ్యని మొక్కజొన్న ఒకటి పండేది. దాన్ని పపూన్ అనేవారు. 1779లో సైనికులు ఆ చేలను తగలబెట్టారు. వెళ్తూ వెళ్తూ కొన్ని పొత్తులు తీసుకెళ్లారు. ఇవాళ మనం స్వీట్‌కార్న్ అంటున్నది ఆ జాతి గింజనే."

మాస్టారు:
బావుందమ్మా. చివరి వాక్యం ఒక్కటి సవరించండి. 'ఆ జాతి గింజనే' అంటే అంతా ఆ ఒక్క చేను నుంచే వచ్చిందని అర్థమొస్తుంది. అక్క చెప్పింది కదా, తీపి గింజల్ని చాలాచోట్ల చాలామంది కాపాడారని. 'అలాంటి గింజల నుంచి వచ్చిందే' అనండి.

అనువాదకురాలు:
మార్చాను. ఇంకొక్కటి అడగనా? 'పొత్తు' అని రాశాను. తమ్ముడి వైపు పిల్లలు 'కంకి' అంటారు కదా. ఏది ఉంచను?

మరో సభ్యుడు:
పొత్తే ఉంచండి అక్కా. మా పిల్లలకి అర్థమవుతుంది. పొరల్లో చుట్టుకుని ఉంటుంది కదా, పొత్తిళ్లలో పాపాయి గుర్తొస్తుంది. మంచె మీద కూర్చుని దానికి పాటలు పాడారని అక్కయ్య చెప్పింది చదివాక, నాకైతే ఇంకో మాట తోచడం లేదు.

అనువాదకురాలు:
ఆ మంచె సంగతి మూలంలో లేదు తమ్ముడూ. అయినా కింద చిన్న గమనికగా చేర్చడానికి రచయితని అనుమతి అడుగుతూ ఇప్పుడే ఉత్తరం రాశాను.